పండగ మర్నాటి టర్కీతో గంబో

టర్కీ కోడి విందు ముగిశాక పళ్లెంలో మిగిలేవి రెండు: తెల్లారేసరికి పొడిబారిపోయే రొమ్ము మాంసం, ఎవరూ పెద్దగా లెక్కచెయ్యని ఎముకల గూడు. గంబో రుచి మొదలయ్యేది ఈ రెండోదాని దగ్గరే. అన్నం మీద పోసుకుని తినే ఈ చిక్కటి మాంసం పులుసు అమెరికాలో లూసియానా రాష్ట్రపు ఇంటి వంట. అక్కడి చట్టసభ 2004లో దీన్ని రాష్ట్ర అధికారిక వంటకంగా ప్రకటించింది కూడా. గురువారం థాంక్స్‌గివింగ్ విందు, శుక్రవారమో శనివారమో టర్కీ గంబో. ఆ రాష్ట్రంలో చాలా ఇళ్లలో ఏటా ఇదే వరస. మిగిలిపోయింది ఎలాగోలా ఖర్చయిపోవాలని చేసే వంట కాదిది. గంబో కోసమని కాస్త పెద్ద టర్కీ కొనేవాళ్లూ ఉన్నారు.

థాంక్స్‌గివింగ్ నవంబరు నెల నాలుగో గురువారం వస్తుంది. అబ్రహాం లింకన్ 1863లో దేశమంతటికీ వర్తించేలా ప్రకటన చేసినా, నాలుగో గురువారమని చట్టంతో ఖాయమైంది 1941లో. మర్నాడు శుక్రవారం కూడా చాలా ఆఫీసులకు, బడులకు సెలవే కాబట్టి వరసగా నాలుగు రోజులు చేతిలో ఉంటాయి. గంబోకి కావలసినవాటిలో అన్నిటికన్నా ఖరీదైనది ఆ తీరికే. పొయ్యి దగ్గర ముప్పావు గంట కదలకుండా నిలబడగలిగిన రోజునే దీనికి పూనుకోవాలి.

ఎవరెవరి వంట

లూసియానాలో కలిసిన జనాలందరి గుర్తులూ ఈ గిన్నెలో ఉన్నాయి. కొవ్వులో పిండి వేయించి పులుసుకి చిక్కదనం తెచ్చే పద్ధతి ఫ్రెంచివాళ్లది. బెండకాయ పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషులతోపాటు వచ్చింది. సాసాఫ్రాస్ చెట్టు ఆకులు ఎండబెట్టి దంచిన ఫీలే పొడి చాక్టా తెగవారి దినుసు. కెనడా తూర్పు తీరాన అకేడియా అనే ప్రాంతంలో ఉండే ఫ్రెంచి రైతులను 1755 నుంచి బ్రిటిష్ ప్రభుత్వం వెళ్లగొట్టింది. వాళ్లలో కొందరు కొన్నేళ్ల తర్వాత లూసియానా చిత్తడి నేలల్లోనూ మైదానాల్లోనూ కుదురుకున్నారు. కేజన్లంటే వాళ్ల సంతతివారు. న్యూ ఆర్లీన్స్ నగరంలో రూపుదిద్దుకున్న క్రియోల్ వంట ఇంకో దారిలో నడిచింది.

క్రియోల్ గంబోలో రొయ్యలు, పీతలు, తరచుగా టమాటా కనిపిస్తాయి. కేజన్ ఇళ్ల గంబో ముదురు రంగులో, పొగ వాసనతో, కోడి మాంసం, సాసేజ్ కలిసి ఉంటుంది. టర్కీ గంబో ఈ కేజన్ కోవకే చెందుతుంది కాబట్టి దీనిలో టమాటా వేయరు. అసలైన గంబో ఏదన్న వాదన లూసియానాలో ఎప్పటికీ తేలదు. న్యూ ఆర్లీన్స్‌లో డూకీ చేజ్ రెస్టారెంటు వంటింటిని దశాబ్దాలపాటు నడిపిన లియా చేజ్ ఈస్టర్ ముందటి గురువారం నాడు రకరకాల ఆకుకూరలతో గంబో చేసి పెట్టేవారు. దానికి ఊరంతా వరస కట్టేది. ఆకుకూరలతోనూ అవుతుంది, పీతలతోనూ అవుతుంది కనుక గంబోని పట్టి ఉంచేది మాంసం కాదు, చేసే తీరు. మిగిలిన టర్కీకి ఇది ఇంత బాగా అమరడానికి కారణం అదే.

విందు రాత్రి చేయాల్సిన పని

గంబో పని శుక్రవారం పొద్దున మొదలవదు, గురువారం రాత్రి భోజనాలు అవుతుండగానే మొదలవుతుంది. వండిన మాంసం 4 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎంతసేపు ఉంటే బాక్టీరియా అంత పెరుగుతుంది. అందుకే పొయ్యిలోంచి తీసిన రెండు గంటల్లోపు టర్కీ ఫ్రిజ్‌లోకి చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. గోరువెచ్చగా గంటలకొద్దీ కూర్చున్న మాంసంలో అవి మళ్లీ ప్రాణం పోసుకుంటాయి. దీనివల్ల జనం గుంపులుగా జబ్బుపడే సంఘటనలు అమెరికాలో నవంబరు, డిసెంబరు నెలల్లోనే ఎక్కువ. కబుర్లలో పడి బల్ల మీద అర్ధరాత్రి దాకా వదిలేసిన టర్కీని గంబోలో ఎంత మరిగించినా ప్రయోజనం లేదు, పారేయడమే మేలు.

మాంసం వేడిగా ఉండగానే ఎముకల నుంచి తేలిగ్గా ఊడివస్తుంది. రొమ్ము మాంసం ఒక డబ్బాలో, తొడ, కాలి మాంసం వేరే డబ్బాలో పెట్టాలి. ఈ రెండూ గిన్నెలో ఒకే తీరుగా ఉండవు: తొడ మాంసంలో కొవ్వు, బంధక కణజాలం ఎక్కువ కాబట్టి మరోసారి వేడి తగిలినా మెత్తగానే ఉంటుంది, రొమ్ము మాంసం పీచుగా మారిపోతుంది. ముక్కలు అంగుళం పైనే ఉండాలి. చిన్నగా చిదిపితే గరిటె తిప్పుడుకి నలిగి పులుసులో కలిసిపోతాయి. లోతు తక్కువ డబ్బాలైతే త్వరగా చల్లారతాయి. కోడి కడుపులో రొట్టెముక్కల కూరుడు ఉంటే ఒక్క పలుకు కూడా మిగలకుండా గీకి తీసేయాలి, లేకపోతే అది మరిగి నీళ్లను గంజిలా చేస్తుంది.

ఫ్రిజ్‌లో పెట్టిన టర్కీ మూడు నాలుగు రోజులే నిలవ ఉంటుంది. ఆ వారాంతంలో గంబో కుదరదనిపిస్తే ఎముకల్ని కూడా సంచిలో కట్టి ఫ్రీజర్‌లో పెట్టేయొచ్చు. జనవరి చలిలో చేసిన గంబో ఏం తక్కువ కాదు.

ఎముకలు మరిగించడం

అయిదారు కిలోల టర్కీ గూడు ఒకటి, రెక్కల చివర్లు, కాళ్ల ఎముకలు, ఉంటే మెడ. వీటిని చేత్తో విరిచి పెద్ద గిన్నెలో సర్దితే నాలుగు లీటర్ల చన్నీళ్లు పడతాయి. ఉల్లిపాయ ఒకటి తొక్కతోనే నాలుగు ముక్కలుగా కోసి, సెలెరీ ఆకులు, ఒక క్యారెట్, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, పది మిరియపు గింజలు, రెండు బే ఆకులు వేయాలి. ఉల్లితొక్క నీళ్లకు మంచి రంగునిస్తుంది. ఉప్పు మాత్రం వేయకూడదు. దుకాణాల్లో అమ్మే టర్కీల్లో చాలావాటికి ఉప్పునీళ్లు ముందే ఎక్కించి ఉంటాయి, ఇంట్లో ఉప్పునీళ్లలో నానబెట్టినదైతే మరీనూ. ఆ ఉప్పంతా మరుగుతున్నకొద్దీ చిక్కబడుతుంది.

మొదటి పొంగు రాబోతుండగా పైకి తేలే తెట్టుని తీసేసి సెగ బాగా తగ్గించాలి. ఆ తర్వాత అంచుల దగ్గర ఒకటీ అరా బుడగలు మాత్రమే లేస్తుండాలి. తెర్లి పొంగితే కొవ్వు సన్నని చుక్కలుగా విరిగి నీళ్లలోనే ఉండిపోయి, మొత్తం తెల్లగా మడ్డిగా తయారవుతుంది. మూడు నాలుగు గంటల్లో కీళ్ల దగ్గరి కొల్లాజెన్ కరిగి జెలటిన్‌గా మారుతుంది. వడకట్టి చల్లార్చిన స్టాక్ ఫ్రిజ్‌లో రాత్రంతా ఉండి పొద్దున్నకి జెల్లీలా వణికితే పని సరిగ్గా జరిగిందన్నమాట. ప్రెషర్ కుక్కర్ ఉన్న ఇంట్లో ఇదంతా ఒక గంట పని; కాకపోతే ఇంత పెద్ద గూడు పట్టక రెండు వాయిలు కావచ్చు.

పొగబెట్టి వండిన టర్కీ అయితే జాగ్రత్త అవసరం. ఆ ఎముకల పొగ వాసన అద్భుతంగా ఉంటుంది గానీ మొత్తం వాటితోనే తీసిన స్టాక్‌లో సాసేజ్ పొగ కూడా కలిస్తే నోరు చేదెక్కుతుంది. సగం ఆ స్టాక్, సగం మామూలు చికెన్ స్టాక్ కలపడం మంచి మధ్యేమార్గం. నూనెలో నిలువునా వేయించిన టర్కీ ఎముకలకు ఈ ఇబ్బంది లేదు. అలా టర్కీ వేయించడం కూడా లూసియానా అలవాటే.

స్టాక్ మీద పేరుకున్న కొవ్వుని పారేయనక్కర్లేదు. విడిగా కరిగించి, తడి అంతా ఆవిరయ్యేదాకా ఉంచితే తర్వాతి అంచెలో నూనెతో కలిపి వాడుకోవచ్చు.

రూ ముద్ద

గంబో నిలిచేదీ పడిపోయేదీ ఇక్కడే. సమానమైన కొలతలో నూనె, మైదా కలిపి సన్నసెగ మీద వేయించిన ముద్దని రూ అంటారు. మూడు లీటర్ల స్టాక్‌కి ఒక కప్పు నూనె, ఒక కప్పు మైదా సరిపోతాయి. అంటే 240 మిల్లీలీటర్ల నూనె, దాదాపు 130 గ్రాముల పిండి. వెన్న ఇంత వేడికి మాడిపోతుంది కాబట్టి పనికిరాదు. వేరుశనగ నూనె, వాసన లేని వంటనూనె, పాతకాలపు ఇళ్లలోనైతే పంది కొవ్వు వాడతారు. గిన్నె అడుగు మందంగా ఉండాలి. పోత ఇనుప గిన్నె వేడిని సమంగా పట్టి ఉంచుతుంది గనుక దానికి సాటి లేదు. కలపడానికి గుండ్రటి గరిటె కాకుండా చదునైన అంచున్న చెక్క తెడ్డు కావాలి. గిన్నె మూలల్లో పిండి ఇరుక్కుని మాడేది గుండ్రటి గరిటెతోనే.

తెడ్డు పట్టుకునే ముందే మిగతావన్నీ సిద్ధం కావాలి. ఉల్లి, సెలెరీ, క్యాప్సికం తరిగి పక్కన ఉండాలి, స్టాక్ గోరువెచ్చగా ఉండాలి, ఫోను అందుబాటులో ఉండకూడదు. మైసూర్ పాక్ కలిపేటప్పుడు చెయ్యి ఆపితే ఏమవుతుందో తెలిసిన ఇంట్లో ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

నూనె వేడెక్కాక పిండి పోసి ఉండలు లేకుండా కలిపితే మొదట పల్చటి తెల్లని జావలా ఉంటుంది, పచ్చిపిండి వాసన వేస్తుంది. పది నిమిషాలకు లేత బంగారు రంగు వచ్చి, వాసన రొట్టె కాలుతున్నట్టు మారుతుంది. ఇరవై నిమిషాల ప్రాంతంలో పీనట్ బటర్ రంగు. చాలామంది ఇక్కడే భయపడి ఆపేస్తారు. ఆపితే తప్పేం కాదు, రొయ్యల గంబోకి ఆ రంగు చాలు. టర్కీకి మాత్రం ఇంకా ముందుకు వెళ్లాలి. అరగంట దాటాక కొత్త రాగి నాణెం రంగు, నలభై నిమిషాల తర్వాత చాక్లెట్ రంగు వస్తాయి. చివరి పది నిమిషాల్లో రంగు వేగంగా మారుతుంది. అప్పుడు సెగ ఇంకా తగ్గించి, కంటిని కాక ముక్కుని నమ్మాలి: వేయించిన గింజల వాసన దాటి కాఫీ గింజల వాసన వైపు తిరుగుతుండగా ఆపేయాలి. ఘాటుగా మాడువాసన తగిలినా, నల్లటి చుక్కలు కనిపించినా ఆ ముద్ద పనికిరాదు. స్టాక్ పోస్తే సర్దుకుంటుందేమోనన్న ఆశ వద్దు, ఆ చేదు మూడు లీటర్లకూ పాకుతుంది. పారేసి గిన్నె కడిగి మళ్లీ మొదలుపెడితే పోయేది కప్పు నూనె, కప్పు పిండే.

రంగు ముదిరేకొద్దీ రుచి పెరుగుతుంది, చిక్కదనం తగ్గుతుంది. వేడికి పిండిలోని స్టార్చ్ చిన్న చిన్న ముక్కలుగా విరిగి, నీటిని పట్టి ఉంచే శక్తి కోల్పోతుంది. అందుకే చాక్లెట్ రంగు రూతో చేసిన గంబో గ్రేవీలా గరిటెకు అంటుకోదు, పప్పుచారు కన్నా కొద్దిగా చిక్కగా జారుతుంది. అది లోపమనుకుని మరికొంత మైదా కలిపేవాళ్లు రుచిని పాడుచేసుకుంటారు. కావలసిన చిక్కదనం బెండకాయో ఫీలేనో ఇస్తుంది.

వేడి రూ ఒంటి మీద పడితే జిగురుగా అతుక్కుని కాల్చుతూనే ఉంటుంది, నీళ్లలా జారిపోదు. లూసియానా వంటవాళ్లు దీన్ని నాపామ్ బాంబుతో పోల్చి హాస్యమాడతారు గానీ విషయం హాస్యం కాదు. పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకపోవడం, పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం మంచివి.

ఒపెలూసస్ పట్టణంలో పుట్టిన ప్రసిద్ధ వంటవాడు పాల్ ప్రుడోమ్ పొగలు కక్కే నూనెలో పిండి వేసి కొద్ది నిమిషాల్లోనే ముదురు రూ తీసేవాడు. చేయి తిరిగినవాడి పద్ధతి అది, మొదటిసారి చేసేవాళ్లు అనుకరించాల్సింది కాదు. వాళ్లకి అవెన్ పద్ధతి నయం: నూనె, పిండి కలిపిన ఇనుప గిన్నెని మూత లేకుండా 350 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 175 సెల్సియస్ వేడిలో గంటన్నర నుంచి రెండు గంటలు ఉంచి, ఇరవై నిమిషాలకోసారి కలిపితే చాలు. మాడే ప్రమాదం చాలా తక్కువ. లూసియానా దుకాణాల్లో రూని సీసాల్లో అమ్ముతారు కూడా. పని దినాల్లో దాంతో సరిపెట్టుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

గిన్నె నిండటం

రెండు పెద్ద ఉల్లిపాయలు, మూడు నాలుగు సెలెరీ కాడలు, ఒక పెద్ద పచ్చ క్యాప్సికం. లూసియానాలో ఈ మూడింటినీ కలిపి పవిత్ర త్రయం అంటారు. రూ కావలసిన రంగుకి వచ్చిన క్షణంలో వీటిని గిన్నెలో వేయాలి. కూరగాయల తడికి భగ్గున ఆవిరి లేస్తుంది, రూ మాడటం ఆగిపోతుంది, అయినా రంగు ఒక ఛాయ ముదురుతుంది. ఆ ఒక్క ఛాయని లెక్కలో పెట్టుకునే ముందుగా ఆపాలి. ముక్కలు మెత్తబడటానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. వెల్లుల్లి ఆఖరి నిమిషంలో వేస్తేనే మాడదు.

తర్వాత గోరువెచ్చని స్టాక్‌ని గరిటెడు గరిటెడు చొప్పున పోస్తూ కలపాలి. మొదట గట్టి ముద్దవుతుంది, తర్వాత పల్చబడుతుంది. ఒక్కసారిగా దిమ్మరిస్తే రూ ఉండలు కట్టి అడుక్కి దిగుతుంది. ఒక చెంచా థైమ్, రెండు మూడు బే ఆకులు, అర చెంచా కేయెన్ మిరప పొడి, కాస్త మిరియాల పొడి ఈ దశలోనే పడతాయి. బిర్యానీ ఆకుని బే ఆకుకి బదులు వేస్తే దాల్చినచెక్క ఛాయ వచ్చి రుచి పక్కదారి పడుతుంది, ఎందుకంటే అవి రెండు వేర్వేరు చెట్ల ఆకులు.

సాసేజ్‌ని చక్రాల్లా కోసి వేరే పెనంలో ఎర్రగా వేయించి, పెనానికి అంటిన మరకల్ని కాస్త స్టాక్ పోసి గీకి అన్నీ గిన్నెలో కలపాలి. 400 గ్రాములు చాలు. లూసియానాలో వాడేది ఆండూయి అనే పొగబెట్టిన పంది సాసేజ్. మిసిసిపీ నది ఒడ్డున ఉన్న లాప్లాస్ ఊరు దానికి పేరు పొందింది. అమెరికాలోని తెలుగు ఇళ్లలో పంది మాంసం తిననివాళ్లు చాలామందే ఉంటారు. పొగబెట్టిన టర్కీ సాసేజ్, చికెన్ ఆండూయి ఇప్పుడు పెద్ద దుకాణాల్లో దొరుకుతాయి. వీటిలో కొవ్వు తక్కువ కాబట్టి వేయించేటప్పుడు ఒక చెంచా నూనె పోయాలి, పొగ వాసన చాలకపోతే పొగబెట్టిన పాప్రికా అర చెంచా కలపాలి.

ఇక సన్నసెగ మీద గంట, గంటంబావు. మైదా వాసన పూర్తిగా పోయి, నూనె అంచుల వెంట పైకి తేలుతుంది. తేలిన నూనెని గరిటెతో తీసేస్తుండాలి. ఉప్పు చూడాల్సింది ఈ గంట ముగిశాకే, అప్పటికి స్టాక్‌లోదీ సాసేజ్‌లోదీ దిగి ఉంటుంది. ఈ గంటలోనే తెలుగు చేతికి ఒక దురద పుడుతుంది: కాస్త గరం మసాలా, కాస్త చింతపండు, పైన కరివేపాకు పోపు. వేస్తే మంచి కూరే అవుతుంది, గంబో మాత్రం కాదు. ఏడాదికోసారి చేసే వంటని దాని రుచితోనే తిననివ్వడం మేలు. పులుపు, కారం కావలసినవాళ్లకు బల్ల మీద మిరపకాయ సాస్ సీసా ఉండనే ఉంటుంది. ఎవరీ ఐలండ్‌లో 1868 నుంచి తయారవుతున్న టబాస్కో కూడా లూసియానాదే.

బెండకాయ, ఫీలే

వాడుకలో ఈ రెండింటిలో ఒకటే వేస్తారు. బెండకాయ వేసవి పంట, ఫీలే చలికాలపు ప్రత్యామ్నాయం. ఇప్పుడు చక్రాలుగా కోసిన బెండకాయ ఫ్రీజర్ అరలో ఏడాది పొడుగునా దొరుకుతుంది గనుక ఆ నియమం సడలింది. బెండకాయ వేసేటట్టయితే పావు కిలో ముక్కల్ని తడి లేకుండా విడిగా నూనెలో వేయించాలి, వేపుడికి వేయించినట్టే. జిగురు తీగలు సాగడం ఆగాక, అంచులు ఎరుపెక్కాక గంబోలో వేసి అరగంట ఉడకనివ్వాలి. మిగిలిన కొద్దిపాటి జిగురే చిక్కదనమిస్తుంది.

ఫీలే అయితే పొయ్యి కట్టేశాకే వేయాలి. మరుగుతున్న పులుసులో వేస్తే అది దారాలు దారాలుగా సాగి నోటికి అసహ్యంగా ఉంటుంది. గిన్నె మొత్తానికి ఒక పెద్ద చెంచా సరిపోతుంది, లేకపోతే ఎవరి గిన్నెలో వాళ్లు చిటికెడు చల్లుకోవచ్చు. నీలగిరి తైలానికి దగ్గరగా అనిపించే దాని వాసన అందరికీ నచ్చదు కాబట్టి రెండో పద్ధతే పేచీ లేనిది. హైదరాబాదులోనో విజయవాడలోనో చేసేవాళ్లకు ఫీలే దొరకదు, బెండకాయే గతి; టర్కీ బదులు నిప్పుల మీద కాల్చిన కోడి ఎముకలూ మాంసమూ ఇదే పద్ధతిలో పనికొస్తాయి.

మాంసం ఆఖరున

టర్కీ మాంసం అప్పటికే ఉడికి ఉంది. దానికి కావలసింది వేడెక్కడమే. తొడ మాంసం దించడానికి ఇరవై నిమిషాల ముందు, రొమ్ము ముక్కలు పది నిమిషాల ముందు వేస్తే పులుసుని పీల్చుకుని మెత్తగా ఉంటాయి. పచ్చి కోడితో చేసే గంబోకీ దీనికీ పెద్ద తేడా ఇదే, తప్పులు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే. మాంసం మొదటే వేసి గంట మరిగించిన గంబోలో పులుసు బాగానే ఉంటుంది, ముక్క నమిలితే దూది. ఈ మోతాదుకి అరకిలో పైచిలుకు మాంసం చాలు. మిగిలిందంతా వేసేయాలన్న తొందరలో కిలోన్నర వేస్తే గంబో కాదు, మాంసం కుప్ప అవుతుంది. మిగిలిన గ్రేవీ ఉంటే ఒక కప్పు కలపొచ్చు, ఉప్పు చూసుకుని. మాంసం వేశాక గిన్నె మొత్తం 74 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కాలి.

దించాక ఉల్లికాడలు, పార్స్లీ సన్నగా తరిగి చల్లాలి. లోతైన గిన్నెలో గంబో పోసి మధ్యలో ఒక గరిటెడు అన్నం పెట్టడం లూసియానా పద్ధతి. పులుసు ఎక్కువ, అన్నం తక్కువ. తెలుగు కంచంలో లెక్కకి ఇది తలకిందులు. పొడుగు గింజ తెల్లబియ్యం అక్కడ వాడతారు. సోనా మసూరి చక్కగా ఇముడుతుంది, బాస్మతి వాసన మాత్రం గంబో వాసనతో పోట్లాడుతుంది. కేజన్ ఇళ్లలో అన్నానికి బదులు, కొన్నిచోట్ల అన్నంతోపాటు, చల్లటి బంగాళాదుంప సలాడ్ ముద్దని వేడి గంబోలో వేసుకుంటారు. వింతగా తోస్తుంది గానీ బాగుంటుంది.

వంటలో తేడా వస్తే కొన్నింటికి దారి ఉంది. ఉప్పెక్కువైతే ఉప్పు లేని స్టాక్ పోసి మరికాసేపు ఉడికించాలి; బంగాళాదుంప ముక్క వేస్తే ఉప్పు పీల్చుకుంటుందన్నది నమ్మదగ్గ మాట కాదు. పల్చబడితే మూత తీసి మరిగించాలి, కానీ మాంసం వేయకముందు. నూనె తేలితే రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున పేరుకున్న పొర తీసేయడమే అన్నిటికన్నా సులువు.

ఎలాగూ గంబో రెండో రోజుకే పూర్తిగా ఊరుతుంది. ఈ కొలతకి ఎనిమిది నుంచి పదిమందికి సరిపడా వస్తుంది కాబట్టి మిగలడం ఖాయం. దించిన గిన్నెని అలాగే ఫ్రిజ్‌లోకి తోస్తే మధ్యభాగం గంటల తరబడి వెచ్చగానే ఉండిపోతుంది. గిన్నెని ఐసునీళ్ల తొట్టిలో పెట్టి కలుపుతూ చల్లార్చి, చిన్న డబ్బాల్లోకి సర్దాలి. టర్కీ మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉండి గంబో అయినంత మాత్రాన దానికి కొత్త ఆయుష్షు రాదు. ఒకటి రెండు రోజుల్లో తినగలిగినంత ఉంచుకుని మిగతాది ఫ్రీజర్‌లో పెట్టేయాలి, అక్కడ మూడు నాలుగు నెలలు రుచి చెడదు. ఫీలే కలిపిన గంబోని తిరిగి వేడి చేసేటప్పుడు మరగనివ్వకుండా సన్నసెగ మీద 74 డిగ్రీలకు తేవాలి. ఫ్రీజర్‌కి వెళ్లే డబ్బాల్లో ఫీలే అసలు కలపకపోవడమే మంచిది. అన్నం కూడా కలిపి పెట్టకూడదు, గింజలు పులుసంతా పీల్చి నానిపోతాయి. అన్నం ఏ పూటకాపూట వండుకోవాల్సిందే.